పెదాలు కలిశాయి సరే...

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వైపు వెళితే మనవాళ్ళంతా హీరోల ఇళ్ళ గేట్లు చూసి మురిసిపోతారు. డబ్బింగ్ థియేటర్ల వంక ఎవరూ చూడరు. అక్కడ మాటలు రాసేవాళ్ళ కష్టం పగవాడికి కూడా వద్దు. తెరమీద పరాయి భాష నటుడి పెదాలు ఎక్కడ మూతపడితే అక్కడ తెలుగులోనూ ఓ ‘ప’నో, ‘బ’నో, ‘మ’నో పడాలి. ఆయన నోరు మూసేలోగా మన వాక్యం అయిపోవాలి. ఇంతా చేసి అర్థం చెడకూడదు. చెడితే ఏమవుతుంది? మహా అయితే ఓ నిర్మాత మునుగుతాడు.

అదే పని దేశాధినేతల పక్కన నిలబడి చేసేవాళ్ళ దగ్గర చెడితేనో?

1956 నవంబరు 18న మాస్కోలోని పోలెండ్ రాయబార కార్యాలయంలో విందు జరుగుతోంది. సోవియట్ నేత కృశ్చేవ్ పాశ్చాత్య రాయబారుల్ని ఉద్దేశించి ఓ మాటన్నాడు. దుబాసీ దాన్ని ఇంగ్లీషులో ‘మిమ్మల్ని పాతిపెడతాం’ అని దింపేశాడు. చేతిలో అణుబాంబులున్న దేశపు పెద్ద అలా అన్నాడంటే అమెరికాలో జనానికి కంటిమీద కునుకు పడుతుందా? నిజానికి ఆ రష్యన్ మాటకు ‘మీరు పోయాక కూడా మేముంటాం, మీ సాగనంపుడు చూస్తాం’ అన్న అర్థం ఉంది. మన డబ్బింగ్ రచయిత చేతికిస్తే ‘నీ పెద్దకర్మ భోంచేసే పోతాను’ అని రాసి పక్కన పడేసేవాడు. ఊళ్ళో పడని ముసలాళ్ళిద్దరు అరుగుల మీద కూర్చుని అనుకునే మాట. అందులో మొండితనం ఉంది గానీ హత్య లేదు. కృశ్చేవ్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి దానికి వివరణలు ఇచ్చుకుంటూనే ఉన్నాడు.

అలాగని తప్పంతా దుబాసీ నెత్తిన రుద్దడం అన్యాయం. ఆ విందుకు రెండు వారాల ముందే సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్ వీధుల్లో దిగాయి. అప్పటికే బెదిరి ఉన్న చెవికి పెద్దకర్మ మాట చెప్పినా పాతిపెట్టే మాటలాగే వినపడేదేమో. ఎదుటివాడు నోరు తెరవకముందే వాడేమంటాడో మనం అనుకుని కూర్చుంటాం. ఆ అనుకోవడం ఎక్కడినుంచి వస్తుందన్నదే అసలు సంగతి. పూర్వం అది పత్రికల నుంచీ పాఠ్యపుస్తకాల నుంచీ వచ్చేది. ఇప్పుడు చాలావరకు తెరమీద నుంచి వస్తోంది. అందుకే ఫిల్మ్‌నగర్‌కు దీంతో పని పడింది.

‘ఆర్‌ఆర్‌ఆర్’నే తీసుకోండి. 2022లో విడుదలై ప్రపంచమంతా చుట్టొచ్చింది. అమెరికాలో చాలామంది దాన్ని ‘బాలీవుడ్ సినిమా’ అనేశారు. 2023 జనవరిలో అక్కడి దర్శకుల సంఘం ప్రదర్శన వేసినప్పుడు రాజమౌళి లేచి, ఇది బాలీవుడ్ కాదు, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని చెప్పాల్సి వచ్చింది. మనకు కొంచెం మంట పుట్టింది. (ఒకప్పుడు ఉత్తరాదిలో మనల్నందరినీ కలిపి ‘మద్రాసీ’ అన్నప్పుడు పుట్టిన మంటే ఇది.) లండన్‌లో మరోరకం మంట. చరిత్రకారుడు రాబర్ట్ టూమ్స్ ‘స్పెక్టేటర్’ పత్రికలో, బ్రిటిష్ పాలకుల్ని రాక్షసుల్లా చూపించారంటూ విరుచుకుపడ్డారు.

ఆయన బాధను నేను పూర్తిగా పంచుకోలేను. 1922 నుంచి 1924 దాకా మన్యంలో జరిగినదాన్ని ఏ రంగులో తీసినా అందులో తెల్లదొర అందంగా కనపడడు. కానీ ఒకటి ఒప్పుకోవాలి. తెలుగువాళ్ళకు తెలిసిన దొరలు ఒక్క రకం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు గోదావరి జిల్లాల్లో విగ్రహాలు పెట్టుకుని దండలు వేస్తున్నాం. బ్రౌన్ దొర నిఘంటువు ఇప్పటికీ తిరగేస్తున్నాం. సీతారామరాజును కాల్చి చంపించిందీ దొరలే. ఇన్ని రకాల దొరలు మూడు గంటల సినిమాలో పట్టరు, ఒక్కడే పడతాడు. మన తాతలకు మిగతావాళ్ళు కూడా తెలుసు, మనవలకు తెరమీది దొర ఒక్కడే మిగులుతాడు.

దొరలతో ఇప్పుడు మనకు యుద్ధాలు లేవు గనుక దాంతో నష్టం తక్కువ. పొరుగు దేశంతో అలా కాదు. 2017 ఫిబ్రవరి 17న సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ విడుదలైంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ అది. అసలు కథ సినిమా కంటే చిత్రంగా ఉంటుంది. ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు భద్రంగా ఉంది. విశాఖలోనే ఉన్నట్టు నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ పెద్ద నాటకమే ఆడించారు. రాజ్‌పుత్ అనే పాత నౌక విక్రాంత్‌లా సంకేతాలు పంపింది. విశాఖలో పెద్ద ఓడకు సరిపడా సరుకులకు ఆర్డర్లు వెళ్ళాయి. విక్రాంత్ నావికుడొకడు జబ్బుపడ్డ తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఓ మామూలు టెలిగ్రాం కూడా పుట్టించారు. రహస్య సంకేతం కంటే తల్లి జబ్బు టెలిగ్రామే నమ్మకంగా ఉంటుందని కనిపెట్టినవాడు సినిమా కథలు రాయదగినవాడు!

అపార్థాన్ని అక్కడ ఆయుధంగా వాడారు. యుద్ధంలో అది నేరం కాదు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకు ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. కాదు, లోపలి పేలుడు వల్లనో, తన మందుపాతర వల్లనో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. అందులోని 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు కాబట్టి చెప్పేవాళ్ళు లేరు. మన సినిమా మూడో కథ చెప్పింది. మన జలాంతర్గామే ఘాజీని ముంచినట్టు చూపింది. సినిమాగా బాగుంది, జాతీయ అవార్డు కూడా వచ్చింది. విశాఖ బీచ్‌లో కురుసుర మ్యూజియం చూడ్డానికి వెళ్ళే పిల్లల్లో ఎంతమందికి ఈ మూడింటిలో ఏది ఏదో తెలుసంటారు?

‘ఘాజీ’ ఇక్కడ థియేటర్లలో ఆడుతున్న ఆ వారంలోనే, ఫిబ్రవరి 22 రాత్రి, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక హైదరాబాద్ ఇంజినీర్‌ను కాల్చి చంపారు. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కలిసి బార్లో కూర్చున్నాడు. ఒకతను వచ్చి వాళ్ళ వీసాల గురించి అడిగి, మా దేశం నుంచి పొమ్మని గొడవపడి, వెళ్ళి తుపాకీతో తిరిగొచ్చాడు. తెలుగువాడైన స్నేహితుడికీ, అడ్డుపడబోయిన ఓ అమెరికన్‌కూ కూడా తూటాలు తగిలాయి. హంతకుడు పొరుగు రాష్ట్రానికి పారిపోయి అక్కడొక రెస్టారెంట్‌లో, తాను ఇద్దరు ఇరానీయుల్ని కాల్చానని చెప్పుకున్నాడు.

ఇరానీయుల్ని!

వాడి వయసు అప్పటికి 51. అంటే 1979 నవంబరులో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయాన్ని విద్యార్థులు ముట్టడించేనాటికి బడికెళ్ళే కుర్రాడు. ఆ 444 రోజులూ అమెరికా టీవీలు రాత్రి రాత్రికీ రోజులు లెక్కపెట్టాయి. సగటు అమెరికన్‌కు ఇరాన్ అంటే ఆ 444 రోజులే. ఇరానీయుణ్ణి అడగండి, 1979 కంటే ముందు 1953 అంటాడు. ఎన్నికైన ప్రధాని మొసాదెగ్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్ర చేసి దించేసిన ఏడాది. ఒకరి లెక్క మొదలైన తేదీ మరొకరి పుస్తకంలో ఉండదు. ఇద్దరూ దెబ్బతిన్నవాళ్ళమనే అనుకుంటారు. ఓలేత్ కాల్పులకు నెల ముందే, 2017 జనవరి 27న, ఇరాన్‌తో సహా ఏడు దేశాలవాళ్ళ రాకను అమెరికా అధ్యక్షుడు ఆపేశారు. ఆ ఆజ్ఞ మీద కోర్టుల్లో వాదనలు నడుస్తుండగానే మనవాడి ప్రాణం పోయింది.

అప్పుడు మనవాళ్ళ నోట ఎక్కువగా వినపడిన మాట, ‘అయ్యో, వాళ్ళు ఇరానీలు కారు, మనవాళ్ళు’ అని. కడుపుకోతలోంచి వచ్చిన మాటే, కాదనను. కానీ దానికి వెనకపక్క ఏముందో చూస్తే భయం వేస్తుంది. ఇరానీ అయితే కాల్చొచ్చా? పైగా ఈ మాట అంటున్నది ఏ ఊరు? ఇరాన్ నుంచి వచ్చిన వంశం వాళ్ళు కట్టిన ఊరు. ఇరానీ చాయ్ తాగనిదే పొద్దు గడవని ఊరు. ఇరాన్ కాన్సులేట్ ఉన్నది కూడా జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న బంజారాహిల్స్‌లోనే. ఇంత పొరుగున ఉన్నా, ‘ఇరానీ’ అంటే మనకు కప్పు గుర్తొస్తుంది గానీ మనిషి గుర్తుకు రాడు.

ఆ కేసు పెద్ద రాయబారాలదాకా వెళ్ళింది. అప్పటి మన విదేశాంగ కార్యదర్శి జైశంకర్ వాషింగ్టన్ వెళ్ళినప్పుడు ఈ సంగతి ఎత్తారు. అమెరికా అధ్యక్షుడు పార్లమెంటు ప్రసంగంలో ఖండించారు. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. మరోపక్క, అమెరికాలోని ఓ తెలుగు సంఘం మనవాళ్ళకు జాగ్రత్తల జాబితా పంపింది. ఎవరితోనూ వాదనలకు దిగకండి, నలుగురిలో మాతృభాషలో మాట్లాడకండి అని అందులో ఉంది. ఆ నెలలో ఇక్కడి తల్లులు ఎంతమంది పిల్లలకు ఫోన్ చేసి ముందుగా ‘బయటున్నావా నాన్నా? అయితే ఇంటికెళ్ళాక చెయ్యి, అప్పుడు మాట్లాడుకుందాం’ అని పెట్టేశారో.