ఈ కార్తీకంలో అందరం ఒకే బంతిలో: పాలూ మాంసమూ లేని వనభోజనానికి పిలుపు



మాంసం మానేసి, ఆ తర్వాత గుడ్లూ పాలూ కూడా మానేసి, మొక్కల నుంచి వచ్చే తిండితోనే గడుపుతున్నవాళ్ళు మన మధ్య పెరుగుతున్నారు. కొందరు జంతువుల బాధ చూడలేక మారారు. కొందరిని డాక్టరు ఇచ్చిన షుగర్ రిపోర్టు మార్చింది. ఏటేటా ముదురుతున్న ఎండలు చూసి మారినవాళ్ళూ ఉన్నారు. కారణం ఏదైనా అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే: స్నేహితులతో ఎలా? పెళ్ళి భోజనం దగ్గర, ఆఫీసు పార్టీలో, ఆదివారం బిర్యానీ దగ్గర మాట మొదలవుతుంది. రెండు నిమిషాల్లో వాదన అవుతుంది. ఫోన్లో కబేళా వీడియో చూపిస్తాం. అవతలివాళ్ళు మొహం తిప్పుకుంటారు. మళ్ళీసారి మనల్ని పిలవడానికి వెనకాడతారు.

ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. వాదన ఆపి వండిపెట్టండి. వచ్చే కార్తీకంలో ఒక ఆదివారం మీ స్నేహితులను, ఏ కులం, ఏ మతం అని చూడకుండా, చెట్ల నీడన ఒకే బంతిలో కూర్చోబెట్టి, మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి లేని భోజనం కడుపునిండా పెట్టండి.

కార్తీకమే ఎందుకంటే, ఆ నెలలో చాలా ఇళ్ళల్లో మాంసం వండరు. మానమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఉసిరి చెట్టు కింద కలిసి తినడం మనకు తరాలుగా తెలిసిన వేడుక. దాన్ని ఇప్పుడు చాలావరకు కుల సంఘాలు పట్టుకుపోయాయి. ఏ పట్టణంలో చూసినా కార్తీక వన సమారాధన అని ఒక్కో కులానికి ఒక్కో ఫ్లెక్సీ, ఒక్కో తోట, వేదిక మీద ఆ కులం నాయకుడి ప్రసంగం. చెట్టు కింద అన్నం తినడానికి కులం సర్టిఫికెట్ అడిగేదాకా వచ్చాం. స్నేహితులు కలిసి బతికేది ఒకే ఆఫీసులో, ఒకే కాలేజీలో, ఒకే వీధిలో అయినప్పుడు వనభోజనానికి మాత్రం తలో తోటకు పోవడం నాకు భరించరానిదిగా కనిపిస్తుంది.

తిండి గురించి మాట్లాడేటప్పుడు కులం ప్రస్తావన ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ ప్రస్తావన ఉండితీరాలి. 2014లో కేంద్రం జరిపిన నమూనా నమోదు సర్వేలో, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 98 మంది మాంసాహారులేనని తేలింది. అంటే మన స్నేహితుల్లో దాదాపు అందరూ. వాళ్ళల్లో చాలామంది ‘మాంసం తింటారా, అయితే ఇల్లు లేదు’ అన్న మాట విన్నవాళ్ళు, లేదా విన్నవాళ్ళ పిల్లలు. హాస్టల్లో వేరే బల్ల చూపించగా తలొంచుకుని కూర్చున్నవాళ్ళు. అలాంటి స్నేహితుడితో మనం మాంసం మానమంటే, మనం జంతువు గురించి అన్నా, అతనికి వినిపించేది తన గురించే. ఆ అవమానానికీ మన మాటకూ సంబంధం లేదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. ఒకే బంతిలో కూర్చుని, అతని ఇంటి నుంచి వచ్చిన కూర మన విస్తట్లో వేయించుకుని తింటేనే నమ్ముతాడు.

ఇది మన నేల మీద కొత్తేం కాదు. నాస్తిక ఉద్యమం నడిపిన గోరా ముదునూరులో, ఆ తర్వాత విజయవాడలో, కులాల గోడలు దాటి సహపంక్తి భోజనాలు నడిపారు. హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డి వర్మ, దళితుల హక్కుల కోసం పోరాడుతూనే జీవహింసకు వ్యతిరేకంగానూ ప్రచారం చేశారు. మూగజీవాల మీద దయ ఏదో కొన్ని కులాల సొత్తు అనుకునేవాళ్ళు ఆయన జీవితాన్ని చదవాలి. గాంధీ లండన్‌లో చదువుకునే రోజుల్లో తానుండే బేస్‌వాటర్ పేటలో ఒక శాకాహార క్లబ్బు పెట్టారు. ఎడ్విన్ ఆర్నాల్డ్‌ను ఉపాధ్యక్షుడిగా పిలిచి, తాను కార్యదర్శిగా పనిచేశారు. ఆ క్లబ్బు కొన్ని నెలలే నడిచింది. నలభై ఏళ్ళ తర్వాత, 1931లో, అదే ఊళ్ళో శాకాహారుల సభలో మాట్లాడుతూ, ఎప్పుడూ తిండి గురించీ జబ్బుల గురించే మాట్లాడడం ఈ పని నడిపే పద్ధతి కాదని ఆయన హెచ్చరించారు. ఆ హెచ్చరిక ఇవాళ మనకూ వర్తిస్తుంది.

మాంసం ముట్టని మిత్రులకు కూడా ఒక మాట. ఈ బంతిలో మీరు ఒక మెట్టు పైన కూర్చోరు. గేదె ఈనాకే పాలిస్తుంది. పుట్టింది దున్నదూడ అయితే, ట్రాక్టర్లు వచ్చాక దానికి పొలంలో పని లేదు, పాలు ఇవ్వదు, మేపడం దండగ. తల్లి చేపడానికి ఒక్క నిమిషం పొదుగు దగ్గర వదిలి, వెంటనే లాగి గుంజకు కట్టేస్తారు. పాలకు గింజుకుంటూ తాడు బిగిసేలా లాగుతున్న ఆ దూడ మెడ చూసినవాళ్ళకు వేరే ఉపన్యాసం అక్కర్లేదు. చాలా చోట్ల అవి నెలల్లోనే చిక్కి చచ్చిపోతాయి, మిగిలినవి సంతకు పోతాయి. రైతును తిట్టడానికి ఇది రాయడం లేదు. లీటరుకు వచ్చే ధరలో దున్నదూడను పోషించమనడం అతనికి కుదిరే పని కాదు. ఆ లెక్కలో మన కాఫీ కూడా ఉందని మాత్రం తెలుసుకోవాలి. కోడిగుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. ఆ గుడ్లు పెట్టే కోళ్ళలో అత్యధికం, ఒక్కోదానికి ఏ4 కాగితమంత చోటు కూడా దక్కని ఇనుప గూళ్ళలో, రెక్క విప్పకుండా బతుకుతాయి. ఆ జాతిలో పుట్టే మగ కోడిపిల్లలు గుడ్డు పెట్టవు, మాంసానికీ పనికిరావు కాబట్టి, హేచరీల్లో పుట్టిన రోజే ఏరి చంపేస్తారు.

వాతావరణం సంగతి ఒక్క ముక్కలో: మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 14.5 శాతం పశుపోషణదేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో లెక్క కట్టింది.

ఇక వంట. మొక్కల భోజనం అనగానే ఓట్సు, అవకాడో, డబ్బాల్లో బాదంపాలు గుర్తుకొస్తే, అది డబ్బున్నవాళ్ళ ముచ్చటని స్నేహితులు నవ్వి వదిలేస్తారు. నిజానికి మన వంటింట్లో సగం వంటలు ఇప్పటికే మొక్కల వంటలు. నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి నూరి పెట్టిన గుత్తివంకాయ కూర. చింతచిగురు పప్పు. గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. పచ్చి పులుసు. పనసపొట్టు ఆవపెట్టిన కూర. రాగిసంకటి, పల్లీల పచ్చడి. నూనె కారే సర్వపిండి. బొబ్బర్ల గుగ్గిళ్ళు. బెల్లం పాకం పట్టిన నువ్వుండలు. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, ఒకే చేలో జొన్న, కంది, పెసర, అనుములు కలిపి పండిస్తూ 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. పుస్తకాలు కలుపు అని కొట్టేసిన దొగ్గలి, గునుగు, పొన్నగంటి ఆకుల్ని వాళ్ళు కూరకు ఏరుకుంటారు. మొక్కల తిండి గురించి ఎవరి దగ్గరన్నా నేర్చుకోవాలంటే నేను ముందు వాళ్ళ పేరు చెబుతాను.

అసలు చిక్కు పెరుగు దగ్గరే. ‘అన్నీ బాగున్నాయి గానీ, పెరుగన్నం లేకుండా భోజనం ఎలా ముగిస్తాం అన్నా?’ అని ప్రతివాళ్ళూ అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. కూర కారం దిగాలన్నా, కడుపు చల్లబడాలన్నా మనకు చివర పెరుగు పడాల్సిందే. కాబట్టి పల్లీ పెరుగు చేయండి. ఒక గ్లాసు పచ్చి పల్లీలు ఏడెనిమిది గంటలు నానబెట్టి, చేత్తో నలిపి పొట్టు తీసేయండి. పొట్టు ఉంటే రంగూ వగరూ వస్తాయి. మూడు గ్లాసుల నీళ్ళతో మెత్తగా రుబ్బి, పల్చటి బట్టలో వేసి గట్టిగా పిండండి. ఆ పాలను సన్నని సెగ మీద, గరిటె ఆపకుండా కాచండి. ఆపితే అడుగంటుతుంది, ఒకసారి మాడు వాసన పట్టిందంటే ఇక పోదు. పచ్చివాసన పోయేదాకా మరిగాక దించి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేటప్పుడు, కడిగి తుడిచిన పచ్చిమిరపకాయల ముచ్చికలు ఓ పది అందులో వేసి మూత పెట్టండి. తెల్లారేసరికి తోడుకుంటుంది. ముచ్చికలు తీసి పారేయండి. మొదటిసారి కొంచెం పల్చగానే ఉంటుంది. అందులోంచి ఒక గరిటెడు తీసి తర్వాతిసారి తోడు పెడితే గట్టిపడుతుంది. పల్లీ వాసన కొద్దిగా ఉంటుందని ముందే చెప్పండి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఆవాల తాలింపు వేసి దద్దోజనం కలిపితే ఆ వాసన తెలియదు. పల్లీలు పడనివాళ్ళు ఎవరన్నా వస్తున్నారేమో ముందే కనుక్కోవడం మాత్రం మరవద్దు. కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

కొన్ని సంగతులు దాచకుండా చెప్పాలి. మొక్కల భోజనంలో బి12 విటమిన్ దొరకదు. ఇడ్లీపిండి పులిస్తే వస్తుందని, ఆకుకూరల్లో ఉంటుందని చెప్పే మాటలు నమ్మకండి. పాలూ గుడ్లూ పూర్తిగా మానినవాళ్ళు డాక్టరును అడిగి బి12 మాత్ర వేసుకోవాల్సిందే. లేకపోతే కొన్నాళ్ళకు కాళ్ళు తిమ్మిర్లెక్కి, నరాలు దెబ్బతింటాయి. ఈ సంగతి చెప్పకుండా స్నేహితుణ్ణి ఈ దారిలోకి పిలవడం ద్రోహం. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సూచించే పళ్ళెంలో కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములు ఉంటాయి. 300 మిల్లీలీటర్ల పాలో పెరుగో కూడా ఉంటుంది. పాలు తీసేసినవాళ్ళు ఆ లోటును రాగులతో, నువ్వులతో, పప్పులతో పూడ్చుకోవాలి. గుట్టెడు తెల్లన్నం మీద పల్చటి చారు పోసుకుని శాకాహారం అనుకుంటే షుగరే మిగులుతుంది. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే వెంట పులుపున్న సి విటమిన్ కావాలి. ఉసిరికాయ పచ్చడి ఆ పని చేస్తుంది. భోజనం అవగానే టీ తాగితే ఆ లాభం తగ్గిపోతుంది, కాస్త ఆగి తాగండి. గర్భిణులు, చంటిపిల్లల తల్లులు డాక్టరును అడగకుండా ఏదీ మానొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. మన మాట పట్టుకుని బడిలో, అంగన్‌వాడీలో పిల్లల కంచంలోంచి గుడ్డు తీసేయాలని ఎవరన్నా అంటే, వాళ్ళకు ఎదురు నిలబడండి. ఇంట్లో మరో పోషణ దొరకని బిడ్డకు ఆ గుడ్డే ఆధారం. ఎంచుకునే స్తోమత ఉన్న పెద్దవాళ్ళను స్నేహంగా పిలవడం వేరు, ఎంచుకునే వీలు లేని పిల్లల నోటి దగ్గరిది లాక్కోవడం వేరు. మొదటిదే మన పని.

బంతిలో ఎలా మెలగాలన్నది కూడా అంతే ముఖ్యం. వంటలు హోటలుకు చెప్పొద్దు. ప్రతి ఇంటి నుంచీ ఒక వంటకం రావాలి, అది ఆ ఇంట్లో అమ్మమ్మల నాటి నుంచి వండుతున్నదైతే మరీ మంచిది. నెయ్యి వేసే చోట నువ్వులనూనె వేయమని ముందే చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి మీద నిషేధం వద్దు, అది మడి లెక్క, మన లెక్క కాదు. చెట్టుకు పూజ చేసేవాళ్ళు తినకముందే చేసుకోవచ్చు, చేయనివాళ్ళను పూజకు రమ్మని ఎవరూ పిలవొద్దు. అప్పుడే మస్తాన్ అన్నా, మేరీ అక్కా మొహమాటం లేకుండా వస్తారు. వడ్డన వంతులవారీగా అందరూ చేయాలి, మగవాళ్ళతో సహా. తినేటప్పుడు జంతువుల గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వకూడదు. అడిగితే చెప్పండి. ‘ఈ పచ్చడి ఎలా చేశావు వదినా?’ అని ఎవరన్నా అడిగారంటే, అక్కడినుంచి మాట దానంతటదే నడుస్తుంది. మర్నాడు మీ అతిథి చికెన్ తిన్నా మీకు స్నేహితుడే. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో ఇలాగే కూర్చుందామని అతనే అంటే, మరుసటి నెలకు అతని ఇంటికే వెళ్ళండి.

ఉసిరి చెట్టున్న తోట దొరకకపోతే మామిడితోట చాలు, చెరువుగట్టు మీది వేపచెట్టు చాలు, అపార్టుమెంటు మేడ మీద షామియానా వేసినా చాలు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు నవంబరులో చలి, వాళ్ళు ఎండాకాలంలో పార్కుల్లో పెట్టుకునే వనభోజనాల్లోనే దీన్ని మొదలుపెట్టవచ్చు.

తేదీ అనుకోగానే ముందు ఇద్దరికి చెప్పండి. ఒకరు మాంసం ఇష్టంగా తినేవాళ్ళు, ఒకరు మీ కులం కానివాళ్ళు. ఎవరు ఏ వంటకం తెస్తారో వాళ్ళతో కూర్చునే రాసుకోండి. గుత్తివంకాయ, పప్పు, పులుసు ఆదివారం పొద్దున చేసుకోవచ్చు గానీ, పల్లీలు మాత్రం శనివారం పొద్దున్నే నానెయ్యాలి.