జలజీవుల దీర్ఘకాలిక పరిశీలన: స్థానిక నైపుణ్యం ఆవశ్యకత

సముద్రజీవుల పరిశీలనకూ, సముద్రతీరమే లేని నిజామాబాదు జిల్లాకూ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చు. గోదావరి తెలంగాణలో ప్రవేశించేది కందకుర్తి వద్ద. మంజీర వచ్చి కలిసేదీ అక్కడే. బోధన్, రుద్రూరు ప్రాంతపు పొలాల మురుగునీరు, అందులో కరిగిన నత్రజనితోనూ కలుపుమందుల అవశేషాలతోనూ కూడి ఈ దారినే దిగువకు పోతుంది. శ్రీరాంసాగర్ మొదలు ధవళేశ్వరం వరకు ఎన్ని ఆనకట్టలు అడ్డువచ్చినా గోదావరి చేరేది బంగాళాఖాతాన్నే. కనుక సముద్రంలో జరిగే మార్పుకు కారణాలు వెదికేవారికి ఎగువ లెక్కలు కూడా అవసరం.

మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం పూర్తయిన 1931లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త అలిస్టర్ హార్డీ ఉత్తర సముద్రంలో వాణిజ్య నౌకల వెనుక ప్లవకాలను సేకరించే పరికరాన్ని కట్టి లాగించడం ప్రారంభించారు. పట్టుబట్టపై చిక్కిన సూక్ష్మజీవులను గుర్తించి లెక్కించే ఆ పని నేటికీ సాగుతున్నది. వెచ్చని నీటి ప్లవకజాతులు క్రమంగా ఉత్తరదిశకు విస్తరించిన సంగతి ఆ పట్టికల వల్లనే స్పష్టమైంది. పరికరం సులభమైనదే. తరం తరువాత తరం సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, ఒకే పద్ధతిలో జాతులను గుర్తించగల మనుషులను తయారు చేసుకోవడమే అసలు కష్టం.

అటువంటి క్షేత్రజ్ఞానం బోధన్‌కు కొత్త కాదు. ఏ మడిలో మొక్కతోట ఉన్నదో, ఏ మడిలో కార్శితోట ఉన్నదో చక్కెర కర్మాగారపు క్షేత్ర సిబ్బందికి కంఠస్థం. 2015 చివర నిజాం చక్కెర కర్మాగారం మూతపడడంతో ఆ జ్ఞానం చెదిరిపోయింది. చెరకు పొలాలు వరి మడులయ్యాయి. నీటి వాడకం, మందుల వాడకం మారాయి. కాలువల్లో నత్తలు, కప్పలు, పరక చేపలు తగ్గాయా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మార్పుకు ముందునాటి వరుస లెక్కలుండాలి. స్నాతకోత్తర పరిశోధన రెండు సీజన్లతో ముగుస్తుంది. విద్యార్థి వెళ్లిపోతాడు, నమూనాలు పారబోస్తారు. నేను పర్యవేక్షించిన పరిశోధనలూ ఇందుకు మినహాయింపు కావు.

జగిత్యాలలో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం అవే మడుల్లో ఏటా జరగడాన్ని మనం సహజంగానే భావిస్తాము. నీటి విషయంలో ఆ ఓపిక ఎందుకు ఉండరాదు? రుద్రూరులోని ప్రాంతీయ చెరకు, వరి పరిశోధనా స్థానం కేంద్రంగా నిజాంసాగర్ కాలువపై, మురుగుకాలువపై, కందకుర్తి సంగమం వద్ద స్థిరమైన పరిశీలనా స్థలాలను నిర్ణయించి, నెలకొకసారి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, నైట్రేట్‌ను కొలవాలి. నత్తలను, తూనీగ పిల్లపురుగులను, చేపలను లెక్కించాలి. ఈ పనికి పట్టభద్రులే కావాలన్న నియమం అనవసరం. తూము కాచే నీరడికి, వల వేసే గంగపుత్రునికి నీటి స్వభావం మనకన్న బాగా తెలుసు. అయితే ఒకే నత్తకు ఊరికొక పేరుంటుంది. కాబట్టి స్థానిక నామం, శాస్త్రీయ నామం పక్కపక్కన రాసిన పుస్తకాన్నీ, సీసాల్లో భద్రపరచిన ప్రామాణిక నమూనాలనూ తొలి ఏడాదిలోనే సిద్ధం చేయాలి. కొత్తగా చేరినవాడు పాతవానితో కలిసి కనీసం ఒక సంవత్సరం లెక్కించాకనే స్వతంత్రంగా నమోదు చేయాలి.

సీసాలకు, ఫార్మలిన్‌కు అయ్యే ఖర్చు స్వల్పం. ఇద్దరు స్థానిక సహాయకుల జీతం మాత్రం మూడేళ్ల ప్రాజెక్టు నిధుల నుండి కాక, విశ్వవిద్యాలయపు సాధారణ పద్దు నుండి రావాలి.