గృహారోగ్యము: పింగాణి రేకుల పండ్లు



ముందరి పండ్లపై పలుచని పింగాణి రేకులు తొడిగించుకొను వాడుక మన యిండ్లలోనికిని వచ్చినది. దంతవైద్యులు వీనిని వెనీర్లందురు. వీని సొగసు చెప్పువారు పెక్కండ్రు గలరు; పిదప కాపాడుకొనుట యెట్లో చెప్పువారరుదు. కావున ఈ మాసమున ఆ సంగతి వ్రాయుచున్నాము.

మా చెల్లెలి కుమార్తె నల్లగొండ జిల్లాలో పుట్టి పెరిగినది. అచ్చటి బావినీటి ఫ్లోరైడువలన చిన్ననాడే దాని పండ్లపై గోధుమవన్నె చారలు దేరినవి. నవ్వు వచ్చినపుడెల్ల పైటచెరగు నోటికడ్డము పెట్టుకొనెడిది. వివాహమునకు ముందు తలిదండ్రులు ఆరు పండ్లకు రేకులు వేయించిరి. అత్తవారికి మాత్రము చెప్పలేదు. నిరుడొకనాడు పూలమాల కట్టుచు దారమును పంటితో కొరుకగా రేకొకటి యూడి చేతబడినది. భయపడి, యింటనున్న జిగురుతో తానే యతికించుకొన్నది. పదిదినములకు చిగురు వాచి మాయొద్దకు వచ్చి, “పెద్దమ్మా! మా అత్తగారికి తెలిసిన నేమందురో” యని కన్నీరు పెట్టుకొన్నది. వైద్యుడు జిగురు తొలగించునప్పటికి రేకు పగిలిపోయినది. ఊడినదానిని చిన్న డబ్బాలో పెట్టి వెంటనే తెచ్చియుండిన, బహుశః దానినే మరల నతికియుందుమని ఆయన చెప్పిరి.

ఈ రేకు మందము ఇంచుమించుగా అర మిల్లీమీటరు. పంటి ఎనామెలును గరుకుచేసి అతుకుటచేతనే దానికి బలము. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అను అమెరికా దంతవైద్యుడు ఎనామెలును ఆమ్లముతో గరుకుచేయు విధము కనుగొనెను. 1980ల నుండి పింగాణి లోవైపును గూడ గరుకుచేసి అతుకుట వ్యాప్తిలోనికి వచ్చినది. రేకుకొరకు అరగదీసిన ఎనామెలు మరల పెరుగదు. కావున తొడిగించుకొనకమునుపే బాగుగా ఆలోచింపవలెను.

ఇక కాపాడు విధము. పింగాణి పుచ్చదు; దాని వెనుకనున్న పన్ను పుచ్చును. చిగురు దగ్గర రేకు అంచున పాచి పేరుకొన్నచో చెరుపు అచ్చటనే మొదలగును. రెండు పూటలును మెత్తని బ్రష్షుతో, గరుకులేని ఫ్లోరైడు పేస్టుతో తోముకొనవలెను. పండ్ల సందులను దారముతో శుభ్రపరుపవలెను. బొగ్గు, కచ్చిక, ఉప్పు వలదు, మెరుగు చెడును. ఫ్లోరైడువలననే పండ్లు చెడినవి గదా, మరల ఆ పేస్టేల యని కొందరడుగుదురు. చారలు దేరునది పండ్లు ఏర్పడు బాల్యమున మ్రింగిన ఫ్లోరైడువలన. పెద్దవారు తోముకొని ఉమిసివేయు పేస్టువలన గాదు. వైద్యుడు ఫ్లోరైడు పూత వేయునపుడు మాత్రము మీ రేకుల మాట ముందుగా చెప్పుడు. ఆమ్లము కలిసిన పూత పింగాణి నునుపును చెరచును.

వేపపుల్ల మంచిదే, కాని దానిని ముందరి పండ్లతో నమలరాదు. చిగుళ్లకు బాధ కలుగకుండ తోముకొనవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పిన నియమము ఈ రేకులకును చక్కగా సరిపోవును.

చెరకు, వక్క, మామిడిటెంక, మంచుగడ్డ ముందరి పండ్లతో కొరుకరాదు. జామకాయను ముక్కలుగా కోసికొని ప్రక్కపండ్లతో నమలవలెను. దారము, తలపిన్నులు, సీసా మూతలు పంటికి తగులనే రాదు. నిద్రలో పండ్లు కొరుకు అలవాటున్నవారు వైద్యునిచే రాత్రి తొడుగు చేయించుకొనవలెను. కాఫీ, తాంబూలముల రంగు పింగాణికి అంతగా అంటదు గాని అంచుల అతుకున కెక్కును. వెంటనే నోరు పుక్కిలింపవలెను. పండ్లను తెలుపు చేయు మందులు పింగాణి వన్నెను మార్చవు. ఆరునెలల కొకతూరి వైద్యునకు చూపుకొనుచు జాగ్రత్తపడినచో ఇవి పది పదునైదేండ్లు నిలుచుట కలదు. ఆపైన మార్పింపవలసివచ్చును.

చివరకు మేమే వెళ్లి ఆ అత్తగారితో సంగతి చెప్పితిమి. ఆమె కోడలిని దగ్గరకు పిలిచి, “ఇంతమాత్రమునకా తల్లీ! నా నోటనున్నవన్నియు కట్టుడుపండ్లే గదా” యని నవ్విరి. పింగాణి రేకునకు దారము కొరికిన దానికంటె దాచిన భయమే యెక్కువ చేటు చేసినది. మన కోడండ్రకు, కుమార్తెలకు ఇట్టి భయము లేకుండ చూచుట మన చేతిలోని పని.