పెర్మైసూరి, పెరెంపువాన్, పట్టపురాణి

మలేసియాలోని పెరాక్ రాష్ట్రంలో, బాగన్ దతుక్ జిల్లాలో హుటాన్ మెలింటాంగ్ అనే చిన్న పట్టణం ఉంది. మలయ్ భాషలో హుటాన్ అంటే అడవి, మెలింటాంగ్ అంటే అడ్డంగా ఉన్నది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కనిపించేవి ఆయిల్ పామ్, కొబ్బరి తోటలే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తోటపనికి తరలివెళ్లిన తెలుగువారి సంతతి ఈ దిగువ పెరాక్ ప్రాంతంలో ఇప్పటికీ ఉంది. అక్కడ ఎవరికైనా జబ్బు ముదిరితే ముందు తెలుక్ ఇంతాన్ ఆస్పత్రికి, అక్కడా కుదరకపోతే రాష్ట్ర రాజధాని ఇపోకు వెళ్లాలి. ఇపోలోని ప్రధాన ప్రభుత్వాసుపత్రి తెలుగు నోట పెద్దాసుపత్రే కావచ్చు గాని, కాగితం మీద దాని పేరు 'హాస్పిటల్ రాజా పెర్మైసూరి బైనున్'.

ఈ పేరులో బైనున్ అన్నది వ్యక్తి నామం. ఆమె పెరాక్ సుల్తాన్ అజ్లాన్ షా భార్య. రాజవంశంలో పుట్టలేదు, ఉపాధ్యాయినిగా పనిచేశారు. మిగిలిన రెండు మాటలూ తెలుగు చెవికి చుట్టాలే. రాజా సంగతి చెప్పనక్కరలేదు. పెర్మైసూరి అన్నది సంస్కృతంలోని పరమేశ్వరి. సముద్రం దాటి, నోళ్లలో నలిగి, దేవత పేరు కాస్తా రాజు భార్య హోదాగా స్థిరపడింది. 2014 మే 28న అజ్లాన్ షా మరణించాక సింహాసనం కుమారుడు నజ్రిన్ షాకు వచ్చింది. కోడలు జారా సలీం పెరాక్ రాజా పెర్మైసూరి అయ్యారు. ఆస్పత్రి పేరు మాత్రం మారలేదు. ఏలుతున్న రాజుతో పాటు చేతులు మారే హోదా ఒకటి, గోడమీద చెక్కిన హోదా ఒకటి. రెండూ ఒకే మాటతో నడుస్తున్నాయి.

మలేసియాలో రాజుల భార్యల బిరుదులు తెలుసుకోవడానికి చరిత్ర గ్రంథాలు తిరగేయడం కంటే ప్రభుత్వాసుపత్రుల జాబితా చదవడం సులువు. క్లాంగ్‌లో తెంగ్కు అంపువాన్ రహీమా, క్వాంతాన్‌లో తెంగ్కు అంపువాన్ అఫ్జాన్, కోతా భారులో రాజా పెరెంపువాన్ జైనబ్, అలోర్ సెతార్‌లో సుల్తానా బహియా, జొహోర్ బారులో సుల్తానా అమీనా, క్వాలా తెరెంగానులో సుల్తానా నూర్ జహీరా. ఇవన్నీ రాజుల భార్యల పేర్లే, కాని ముందున్న బిరుదులు మూడు రకాలు. వీటిని తెలుగులోకి తేవలసి వస్తే సగటు అనువాదకుడు ఏం చేస్తాడో ఊహించవచ్చు. అందరినీ 'రాణి' అనేస్తాడు. దయగలవాడైతే 'మహారాణి' అంటాడు. అక్కడితో అర్థం అందింది కదా అనుకుంటాడు. నిజానికి ఆ బిరుదు చెప్పదలచిన ముఖ్యమైన సంగతే జారిపోయింది.

పెరాక్ సంగతే చూడాలి. సుల్తాన్ భార్య రాజరక్తంలో పుట్టినదైతే ఆమెది 'రాజా పెరెంపువాన్' బిరుదు. బయటి కుటుంబం నుంచి వచ్చినదైతే 'రాజా పెర్మైసూరి'. అజ్లాన్ షాకు ముందు ఏలిన సుల్తాన్ ఇద్రిస్ షా భార్య రాజా ముజ్విన్ రాజవంశీకురాలు, కనుక రాజా పెరెంపువాన్ అయ్యారు. బైనున్ ఆ పుట్టుక లేనివారు, కనుక రాజా పెర్మైసూరి. మలయ్‌లో పెరెంపువాన్ అంటే కేవలం 'స్త్రీ'. ఈ మాటల అర్థాలు తెలిసిన తెలుగు పాఠకుడు ఇక్కడ తప్పకుండా పొరబడతాడు. ఒకరిని పరమేశ్వరి అని, మరొకరిని ఉత్త స్త్రీ అని పిలిస్తే మొదటి ఆమెదే పెద్ద పీట అనుకోవడం సహజం. ఉన్నది దానికి విరుద్ధం. రాజు కూతురిగా పుట్టినదానికి దేవత పేరు అరువు అవసరం లేదు. ఆమె స్త్రీ రూపంలో ఉన్న రాజా, అంతే. మలయ్‌లో రాజా అన్న మాటకు లింగభేదం లేదు. పెరాక్ రాజవంశపు ఆడపిల్లలూ పుట్టుకతో 'రాజా'లే. దేవత పేరు తెచ్చి అతికించవలసి వచ్చింది బయటినుంచి వచ్చిన ఆమెకే.

ఇంకొక రాష్ట్రానికి వెళ్తే మాట విలువే తిరగబడుతుంది. కెదాలో సుల్తానా బహియా రాజకుమార్తె. స్వతంత్ర మలయాకు తొలి రాజైన తువాంకు అబ్దుల్ రహ్మాన్ కూతురు. అక్కడ సుల్తానా అన్నది ఆ పుట్టుకకు తగిన బిరుదే. పహాంగ్‌లో సుల్తాన్ అహ్మద్ షాకు రాజవంశపు భార్య అఫ్జాన్ 'తెంగ్కు అంపువాన్'. ఆమె 1988లో మరణించారు. సామాన్య కుటుంబానికి చెందిన మరో భార్య కల్సోమ్‌కు దక్కినది 'సుల్తానా'. రాజు ఒక్కడే, సింహాసనం ఒక్కటే, భార్యల బిరుదులు రెండు. ఇక మలక్కా జలసంధికి ఆవలి గట్టున, ఒకప్పుడు పెరాక్‌ను తన కింద ఉంచుకున్న అచే రాజ్యంలో, 1641 నుంచి 1699 దాకా వరుసగా నలుగురు స్త్రీలు ఏలారు. అక్కడ సుల్తానా రాజు భార్య కాదు, తానే రాజు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నచోట 'రాణి' అని రాసి చేతులు దులుపుకోవడం అనువాదం అనిపించుకోదు.

తెలుగుకు ఈ తేడాలు చెప్పే శక్తి లేదని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. రాజు భార్యల అంతరాలను సంస్కృతం వైదిక కాలంలోనే లెక్కగట్టింది. మహిషి, వావాత, పరివృక్తి, పాలాగలి అని నలుగురు. మొదటి ఆమె పట్టపు భార్య, రెండవ ఆమె ప్రియురాలు, మూడవ ఆమె విడిచిపెట్టబడినది, నాలుగవ ఆమె తక్కువ కుటుంబం నుంచి వచ్చినది. విడిచిపెట్టబడటం కూడా ఒక హోదాగా నమోదైందంటే ఆ వ్యవస్థ ఎంత నిర్మొహమాటమైనదో తెలుస్తుంది. అమరకోశం కాలానికి ఆ లెక్క సరళమైంది. అభిషేకం పొందిన భార్య మహిషి, తక్కినవారు భోగినులు. పోతన పేరుమీద చెలామణీలో ఉన్న భోగినీ దండకం శీర్షికలోని భోగిని ఆ తరగతి మాటే. తెలుగువాడు ఇందులోంచి పట్టపురాణిని తీసుకున్నాడు. ఆ మాటలో పట్టం ఉంది, పుట్టుక లేదు. ఎవరి కూతురన్నది కాక, పట్టం కట్టారా లేదా అన్నదే ప్రశ్న.

మాటలో లేనంత మాత్రాన మనసులో లేదని కాదు. అయినా విజయనగరంలో ఒక ఉదాహరణ నిలిచి ఉంది. తిరుమల గుడిలో కృష్ణదేవరాయల లోహ విగ్రహానికి ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డారు. మొదటి ఆమె శ్రీరంగపట్టణపు ఏలికల కూతురు. రెండవ ఆమె రాయలు యువకుడిగా ఉండగా ప్రేమించిన వేశ్య అని పోర్చుగీసు కథనాలు చెబుతాయి. రాయల ప్రధాన భార్యలు ముగ్గురికీ అన్నిటా సమానంగానే జరిగేదని పాయిస్ రాశాడు. ఆ విగ్రహాలు చూసి ఎవరు రాచబిడ్డో చెప్పడం కష్టం. పెరాక్‌లో అయితే పేరు వినగానే తెలిసిపోతుంది.

అలాగని మలయ్ పద్ధతిని చూసి తెలుగువారు నవ్వడానికి లేదు. పుట్టుకను పేరుకు తగిలించుకుని తిరిగే అలవాటు వారికి పాతదే. ఓడెక్కి మలయా తోటలకు కూలికి వెళ్లినప్పుడు కూడా కొందరు దాన్ని వెంట తీసుకెళ్లారు. ఒక విధంగా పెరాక్ పద్ధతిలో నిజాయితీ ఉంది. బయటి కుటుంబపు స్త్రీ రాజును పెళ్లాడవచ్చు, పట్టమూ దక్కుతుంది. అయితే ఆమె ఎక్కడినుంచి వచ్చిందో మరవనివ్వరు. జారా సలీం ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్ చదివారు. ఆ చదువుకు బిరుదులో చోటు లేదు. పుట్టుకకు మాత్రం ఉంది. మర్యాదగా చెప్పినంత మాత్రాన అది వివక్ష కాకుండా పోదు. మర్యాదలో చుట్టి ఉంది కాబట్టే ఎవరూ దాన్ని ప్రశ్నించరు.

విశేషమేమిటంటే, దేశం మొత్తానికి వచ్చేసరికి ఈ తేడా మాయమవుతుంది. తొమ్మిది రాష్ట్రాల రాజులు అయిదేళ్లకొకరు చొప్పున దేశాధిపతి, అంటే యాంగ్ డి-పెర్తువాన్ అగోంగ్, అవుతారు. ఆయన భార్యను 'రాజా పెర్మైసూరి అగోంగ్' అని పిలవాలనీ, దేశంలో ఆయన తర్వాతి స్థానం ఆమెదేననీ రాజ్యాంగం 32వ అధికరణంలోనే రాశారు. ఏ వంశంలో పుట్టినా బిరుదు ఒక్కటే. అజ్లాన్ షా 1989 నుంచి 1994 దాకా ఆ పదవిలో ఉండగా బైనున్ రాజా పెర్మైసూరి అగోంగ్ అయ్యారు. సామాన్య కుటుంబం నుంచి ఆ స్థానానికి వెళ్లిన మొదటి స్త్రీ ఆమే. పెరాక్‌లో ఆమె పుట్టుకను గుర్తుచేసిన పెర్మైసూరి అన్న మాటే కౌలాలంపూరులో రాజకుమార్తెలతో సమానం చేసింది. 1957లో రాజ్యాంగం రాసుకున్నవారు పాత ఆచారాల జోలికి పోకుండా, కొత్త పదవికి కొత్త నియమం పెట్టుకున్నారు. ఇది మెచ్చుకోదగిన పని. అయితే ఆ గౌరవమూ భర్త పదవీకాలం ఉన్నంతవరకే. 2016 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా కెలంతాన్ సుల్తాన్ అయిదవ ముహమ్మద్ ఆ పదవిలో ఉండగా రాజా పెర్మైసూరి అగోంగ్ స్థానం ఖాళీగానే ఉండిపోయింది.

ఆస్పత్రి పేర్లలో రాచకుటుంబపు స్త్రీలు హైదరాబాదు వారికీ కొత్త కాదు. నీలోఫర్ 1931లో నిజాం రెండవ కుమారుడు మొజ్జం జాను పెళ్లాడింది, 1952లో విడిపోయింది. ఆ మరుసటి ఏడాది మొదలైన ఆస్పత్రికి ఆమె పేరే ఉంది. పసిపిల్లను చంకనేసుకుని నీలోఫర్‌కు పరుగెత్తే తల్లికి ఆమె ఎవరి భార్యో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. బిరుదు రాలిపోయి పేరు మిగిలింది. ఇపోలో ఆ బిరుదు ఇంకా పేరును పట్టుకునే ఉంది.

ఇంతవరకూ భార్యల మాట. ఏలేది స్త్రీ అయినప్పుడు భర్తను ఏమనాలన్నచోట దాదాపు అన్ని భాషలూ తడబడ్డాయి. రాజు భార్య రాణి అవుతుంది. రాణి భర్త రాజు కాడు. రాజు అన్న మాట రాణికంటే ఒక మెట్టు పైనుందని, దాన్ని ఇస్తే ఏలేవారెవరన్న అనుమానం వస్తుందని భయం. డెన్మార్క్‌లో రెండవ మార్గరెతె భర్త హెన్రిక్ దీన్ని బహిరంగంగానే ప్రశ్నించాడు. తనను రాజుగా గుర్తించనందుకు భార్య పక్కన సమాధి వద్దన్నాడు. లోకం దాన్ని ముసలితనపు అలకగా తీసుకుంది. అతను అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. జావాలోని మజపహిత్‌కు ఈ చిక్కు లేదు. పదిహేనవ శతాబ్దంలో అక్కడ ఏలిన సుహిత భర్తను 'పరమేశ్వర' అనేవారు. మలయ్ పెర్మైసూరికి అదే మూలధాతువు, పురుషరూపం.

ఓరుగల్లులో చిక్కును మరోలా తప్పించారు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను రుద్రదేవుడనే మగపేరుతో సింహాసనంపై కూర్చోబెట్టారు. శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు. మహారాజుకు భర్త ఏమిటన్న ప్రశ్నకు ఆ వ్యవస్థలో జవాబు లేదు, కనుక అతనికి బిరుదూ లేదు. అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి' చదివి పెరిగిన పాఠకులకు కూడా రుద్రమ గుర్తున్నంతగా వీరభద్రుడు గుర్తుండడు. ఈ దేశం గురించి రాసిన మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజు భార్య అనుకున్నాడు. తెలుగు ప్రతాపచరిత్ర కూడా ఆమెను గణపతిదేవుడి భార్యనే చేసింది. ఏలుతున్న స్త్రీ ఎవరో ఒక రాజుకు భార్యే అయివుండాలన్న నమ్మకం ఇద్దరిదీ. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమె గణపతిదేవుడి కూతురని చెబుతోంది.