ఆఖరి బస్సు ఎన్నింటికి?

ఆదివారం పొద్దున జగ్గయ్యపేట దగ్గరి చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సు దిగిన ఆడవాళ్ళ పర్సుల్లో ఆధార్ కార్డుంటుంది, చేతిలో సున్నా టికెట్టుంటుంది. ఆటో డ్రైవరును వాళ్ళు రెండే అడుగుతారు. "వేదాద్రికి ఎంత బాబూ?" "తిరిగొచ్చేప్పుడు ఏమన్నా దొరుకుతుందా?" మొదటిదానికి జవాబు మనిషిని బట్టీ, జనాన్ని బట్టీ మారుతుంది. రెండోదానికి మాత్రం ఎప్పుడూ ఒకటే జవాబు: "చూద్దాంలేమ్మా."

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. డబ్బు అడ్డం తొలగింది. "ఒక్కదానివే ఎట్లా వెళ్తావు, తోడెవరు?" అనే ప్రశ్న మాత్రం ఇంట్లో అలాగే ఉంది. అమ్మానాన్నల భయమంతా చాదస్తమని కొట్టిపారేయలేం. చీకటి పడ్డాక ఊరి చివర దీపం లేని స్టాపులో, వస్తుందో రాదో తెలియని బస్సు కోసం బిడ్డ నిలబడాలంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది.

అందుకే ఈ కరపత్రం ముందుగా ఒకటే అడుగుతోంది. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల జనం వెళ్ళే ప్రతి చోటా, తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎన్నింటికో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. రాసిన బస్సు రావాలి. మిగతా కోరికలన్నీ దీని తర్వాతే.

ఇక్కడ చూడ్డానికేముంది అనేవాళ్ళు ఉంటారు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు బేతవోలు అనిపించుకున్న జగ్గయ్యపేట పక్కనే ధనం బోడు ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బౌద్ధ స్తూపం బయటపడింది. అక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరం నాటిది. సిద్ధార్థుడనే శిల్పి ఈ స్తూపం తూర్పు వాకిట అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని అందులో ఉంది. రాజు కాదు, చేతిపని చేసుకు బతికే మనిషి. సుమారు 1700 ఏళ్ళ కిందట వేరే ఊరి నుంచి ఇక్కడికి వచ్చిన అతని పేరు రాతి మీద మిగిలింది. ఈ రోజు జగ్గయ్యపేట బస్టాండులో దిగిన డిగ్రీ విద్యార్థినికి ధనం బోడుకు దారేదో, అక్కడ నీడా నీళ్ళూ ఉంటాయో లేదో చెప్పే ఒక్క పలక కావాలి.

ఇంకా ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున ముక్తేశ్వరుడున్నాడు, వేదాద్రిలో నరసింహస్వామి ఉన్నాడు, మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ ఉంది. తిరుపతమ్మ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. రెండేళ్ళకోసారి అమ్మవారి కొయ్య విగ్రహాలు రంగులు వేయించుకోవడానికి పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా వస్తాయి. బళ్ళు, డప్పులు, దారి పొడవునా నీళ్ళు చల్లే ఆడవాళ్ళు. పని పూర్తయ్యాక మళ్ళీ అంత సందడితోనూ తిరుగు ప్రయాణం. అమ్మవారికి తిరుగు ప్రయాణం ముందే ఖాయమై ఉంటుంది. ఆమె భక్తురాలికే అది లేదు.

లేకపోతే ఏమవుతుందో చూశాం. 2020 జూన్ 17న ఖమ్మం జిల్లా ఎర్రుపాలెం మండలం పెద్ద గోపవరం వాళ్ళు వేదాద్రి స్వామిని చూసుకుని ట్రాక్టర్‌లో ఇంటిదారి పట్టారు. దారిలో లారీ ఢీకొట్టింది. 12 మంది చనిపోయారు. కరోనా రోజులు, నిజమే. అయినా కరోనాకు ముందూ తర్వాతా కూడా బస్సు మీద నమ్మకం లేని పల్లెలు ట్రాక్టరు ట్రక్కులోనే మొక్కు తీర్చుకుంటున్నాయి. ట్రక్కు మనుషుల్ని ఎక్కించడానికి చేసిన బండి కాదని తెలియక కాదు.

కొత్త చోట దిగిన మనిషి భద్రత విషయంలో, భయానికి పేరుపడ్డ దేశం మెక్సికో ఏం చేసిందో చూడొచ్చు. అక్కడి పెద్ద బస్ టెర్మినల్స్‌లో అధీకృత టాక్సీ కౌంటర్ ఉంటుంది. వెళ్ళాల్సిన చోటు చెప్తే, దూరాన్ని బట్టి ముందే నిర్ణయించిన రేటుకు చీటీ ఇస్తారు. ప్రయాణికురాలు బేరమాడే పని లేదు, ఎవరి బండి ఎక్కిందో కౌంటర్‌లో తెలుస్తుంది. మెక్సికో నగరం మెట్రోలో రద్దీ వేళల్లో ముందు పెట్టెలు ఆడవాళ్ళకూ పిల్లలకూ. హైవేల మీద 'పచ్చ దేవదూతలు' అని పిలిచే సహాయక బండ్లు తిరుగుతాయి, పర్యాటక శాఖ నడిపే ఆ సేవ 1960 నుంచీ ఉంది. ఇన్ని చేసినా మెక్సికోలో నేరాలు ఆగలేదు, ఆ మాట దాచడం అనవసరం. కానీ కొత్త ఊళ్ళో దిగిన ఒంటరి మనిషి తన జాగ్రత్త తాను పడటానికి అవి పనికొస్తున్నాయి.

మన దగ్గర అలాంటి చీటీ కౌంటర్‌కు కోట్లు అక్కర్లేదు. జగ్గయ్యపేట, నందిగామ బస్టాండుల్లో ఒక బల్ల, ఒక చీటీల పుస్తకం, ఒక మనిషి చాలు. ఆటో యూనియన్, పోలీసులు, మునిసిపాలిటీ కూర్చుని ముక్త్యాలకింత, వేదాద్రికింత అని రేటు కట్టాలి. చీటీ మీద బండి నంబరు, డ్రైవరు పేరు, ఎక్కిన టైము. సీరియల్ ప్రకారం బండ్లు వెళ్తాయి గనక డ్రైవర్ల మధ్య కొట్లాటా తగ్గుతుంది. నిజాయితీగా బండి నడిపే డ్రైవరే దీన్ని ముందుగా కోరుకోవాలి.

ఆర్టీసీ వాళ్ళు బస్సులు చాలడం లేదంటారు. ఒప్పుకుందాం. కొత్త బస్సు అడగడం లేదు. శని, ఆదివారాల్లో ఉన్న ట్రిప్పుల్లో ఒకదాన్ని సాయంత్రం దర్శనాల తర్వాతికి జరపమంటున్నాం. రద్దయితే ఆ కబురు ముందే ఆలయ మైకులో చెప్పించమంటున్నాం.

వానాకాలం సంగతి వేరే. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారినే ముంచేసింది. వంతెనల మీద నీళ్ళు పారితే దారులు ఆగిపోతాయి. ఈ కబురు బస్టాండులో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినా సరిపోతుంది, అది తెలియక సగం దారి వెళ్ళి చిక్కుకున్నవాళ్ళు చాలామంది.

స్టాపులో ఒక దీపం, గొళ్ళెం పడే మరుగుదొడ్డి, వేదాద్రి, ముక్త్యాల రేవుల్లో లోతు తెలిసేలా గొలుసులు, అత్యవసర సాయానికి 112, మహిళల సాయానికి 181 నంబర్లు కంటికి ఎదురుగా. ఇవి పంచాయతీలు, దేవాదాయ శాఖ కలిసి చేయగలిగినవే.

జనవరి 26న గ్రామసభలు జరుగుతాయి. మాఘమాసంలో తిరుపతమ్మ తిరునాళ్ళు. ఈలోగా ప్రతి ఊరివాళ్ళూ తమ స్టాపుకు ఆఖరి బస్సు ఎన్నింటికి రావాలో, నిజంగా ఎన్నింటికి వస్తోందో వారం రోజులు రాసిపెట్టుకోవాలి. ఆ కాగితాన్ని సభలో చదివి తీర్మానం చేయించి, నకలు డిపో మేనేజరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.