తొంభై రోజుల తాకట్టు

అమెజాన్ కేడీపీలో సొంతంగా ఈబుక్ వేసుకునే రచయితకు ఒకచోట కేడీపీ సెలెక్ట్ అనే పథకం ఎదురవుతుంది. చేరితే ఆ ఈబుక్‌ని తొంభై రోజులు ఇంకెక్కడా అమ్మకూడదు. కోబో, యాపిల్ బుక్స్, గూగుల్ ప్లే అన్నీ మూతే. సొంత వెబ్‌సైట్‌లో ఊరికే ఇచ్చినా తప్పే, పదో వంతు దాకా నమూనాగా పెట్టుకోవచ్చంతే. అచ్చు పుస్తకానికి మాత్రం ఈ అడ్డు లేదు.

2011 డిసెంబరులో ఇది మొదలైనప్పుడు కొత్తవాళ్లకు మేలే చేసింది. అయిదు రోజులు ఉచితంగా పంచితే ముక్కూమొహం తెలియని రచయిత కూడా పదిమంది కంట్లో పడేవాడు. 2014లో చందా కట్టినవాళ్లకు సెలెక్ట్ పుస్తకాలు చదవనిచ్చే కిండిల్ అన్‌లిమిటెడ్ వచ్చాక, చందాదారు పుస్తకంలో పదో వంతు చదివితే రచయితకు పుస్తకం లెక్కన డబ్బు పడేది. 2015 జులై నుంచి చదివిన పేజీలకే డబ్బు. ఆ రేటు ముందుగా చెప్పరు. నెలనెలా ఒక నిధి ప్రకటించి, చదివిన పేజీల లెక్కన పంచుతారు. పేజీకి అర సెంటు కూడా దక్కదు. మూడు వందల పేజీల నవలను పాఠకుడు చివరిదాకా చదివితే వచ్చేది ఇంచుమించు డాలరు పావు. అదే నవల 2.99 డాలర్లకు అమ్ముడైతే, 70 శాతం వాటా కింద రెండు డాలర్ల పైచిలుకు వస్తుంది.

అయినా బాగుపడేవాళ్లున్నారు. ఒకే కథను ఎనిమిది పది భాగాలుగా నడిపే ప్రేమ నవలల వాళ్లకు, థ్రిల్లర్లు రాసేవాళ్లకు చందాదారులు దొరకడం వరమే. మొదటి భాగం నచ్చినవాళ్లు మిగతావన్నీ వరసగా చదివేస్తారు. నలభై పేజీల కవితా సంపుటికి ఆ దారిలో వచ్చేది టీ డబ్బులే.

నాకు కోపం తెప్పించేది మన దేశానికి పెట్టిన నిబంధన. ఇక్కడి అమ్మకాల మీద 70 శాతం వాటా కావాలంటే సెలెక్ట్‌లో చేరి తీరాలి. చేరకపోతే 35. సగం రాబడి ఆపి రాబట్టుకున్న ఒప్పుకోలును ఇష్టపడి ఇచ్చిందని నేననలేను.

తెలుగులో రాసేవాళ్ల సంగతి వేరు. 2016 చివర్లో అమెజాన్ భారతీయ భాషల్లో ఈబుక్కులు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మాత్రమే ఉన్నాయి. మనవాళ్లు అంతకుముందే కినిగె లాంటి తెలుగు ఈబుక్ దుకాణాల్లో తమ దారి తాము వేసుకున్నారు. కాబట్టి ఈ చిక్కు ముఖ్యంగా హైదరాబాదులోనో డాలస్‌లోనో కూర్చుని ఇంగ్లిషులో రాసే తెలుగువాళ్లది.

వాళ్లకు నా మాట ఇది. తొలి నవలకు ఒక్క విడత చేరండి, తప్పులేదు. పేజీల లెక్క చూసుకుని, అది పలచగా ఉంటే బయటికొచ్చేయండి. డ్రాఫ్ట్ టు డిజిటల్ లాంటి సంస్థ ద్వారా ఒక్కసారి ఎక్కిస్తే చాలా దుకాణాలకు పుస్తకం చేరుతుంది. అక్కడ పాఠకులు మెల్లగా పోగవుతారు, ఏడాదైనా ఆగాలి. మూడు నెలలకోసారి లోపలికీ బయటికీ తిరిగితే రెండుచోట్లా వేరు పట్టదు.

ఇంకొకటి. గడువు తీరేలోగా మీరు వద్దనకపోతే సెలెక్ట్ ఒప్పందం దానంతటదే మరో తొంభై రోజులు సాగుతుంది. ఈ వారమే మీ కేడీపీ ఖాతా తెరిచి దాన్ని అలా కొనసాగించే టిక్కు తీసేయండి.