రక్షణ కణాలకు చావు కబురు

ఒళ్లునొప్పులకో ఆయాసానికో వేసిన సూది మందు గంటల్లో హాయినిస్తే, అది చాలాసార్లు స్టెరాయిడే. ఆ హాయి ఎక్కణ్ణుంచి వస్తోందో రోగికి ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం ఉంది.

రక్తంలోని రక్షణ కణాలైన లింఫోసైట్లు బతకమనే రసాయన సంకేతం అందినంత కాలమే బతుకుతాయి. ఇంటర్‌ల్యూకిన్-7 అలాంటి సంకేతం. అది బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను నిలబెట్టి కణాన్ని కాపాడుతుంది. బిమ్ అనే మరో ప్రోటీన్‌ది పైచేయి అయితే మైటోకాండ్రియాకు చిల్లులు పడతాయి. కాస్పేజ్ ఎంజైములు కణాన్ని లోపలి నుంచే ముక్కలు చేస్తాయి. ఈ పద్ధతైన చావే అపాప్టోసిస్. స్టెరాయిడ్ తగిలిన థైమస్ గ్రంథి కణాలు ఇలాగే చనిపోతాయని 1980లో ఆండ్రూ విల్లీ చూపించారు. స్టెరాయిడ్ వాపు పుట్టించే సంకేతాలను అణచివేస్తుంది, బిమ్‌ను పెంచి లింఫోసైట్లను చంపుతుంది. నొప్పి తగ్గించే గుణమూ రక్షణను తగ్గించే గుణమూ ఆ మందులో కలిసే ఉంటాయి.

రక్తపరీక్ష కూడా మభ్యపెట్టవచ్చు. స్టెరాయిడ్ వల్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువకాలం బతుకుతాయి, కానీ రక్తనాళం దాటి ఇన్ఫెక్షన్ ఉన్నచోటికి సరిగా చేరలేవు. రిపోర్టులో తెల్లకణాల సంఖ్య పెరుగుతుంది, ఒంట్లో రక్షణ తగ్గుతుంది.

2020లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన కోవిడ్‌కు డెక్సామెథాసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చి చూసింది. వెంటిలేటర్‌పై ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలేమీ కనిపించలేదు. అయినా 2021 వేసవిలో మన దగ్గర చాలామంది ఇళ్లలోనే ఈ మాత్రలు మింగారు. అదుపు తప్పిన షుగరుకు స్టెరాయిడ్ తోడైనచోట బ్లాక్ ఫంగస్ విజృంభించింది. జూన్ చివరికి దేశంలో కేసులు 40,000 దాటాయి. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఎందరో కన్ను పోగొట్టుకున్నారు.

స్టెరాయిడ్లు షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో ఉన్నాయి, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. ఉబ్బసానికి, లూపస్‌కు, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇవి ప్రాణాధారం. అందుకే వీటిని నిషేధించమనడం లేదు, కొలత ప్రకారం వాడమంటున్నాను. సూది వేయించుకునేముందు అదేం మందో అడగండి. షుగరు ఉంటే ముందే చెప్పండి. వారాల తరబడి వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా మానేయకండి. ఎడ్రినల్ గ్రంథులు అప్పటికే ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ తయారీ తగ్గించి ఉంటాయి, హఠాత్తుగా మానితే ప్రాణాపాయం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించండి.